రిపోర్టులన్నీ నార్మల్, మనిషి మాత్రం మంచం మీద: వైద్య పరిశోధనకు నిధులిచ్చే పెద్దలకు బహిరంగ లేఖ

వైద్య పరిశోధనకు నిధులు కేటాయించే అధికారులకు, వైద్య విద్యలో ఏ పాఠం ఉండాలో నిర్ణయించే పెద్దలకు, మా స్నేహితురాలిని ఇంతవరకు చూసిన డాక్టర్లకు, ఇకపై చూడబోయే డాక్టర్లకు,

నమస్కారం.

ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. అనే, మనిషిని మంచం పట్టించే జబ్బు మీద పరిశోధనకు నిధులు ఇవ్వమని అడుగుతూ ఇంతకుముందు మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది అందినట్టు రసీదు వచ్చింది. రెండోదానికి 'సంబంధిత విభాగానికి పంపించాం' అని రెండు వాక్యాల జవాబు వచ్చింది. ఆ విభాగం ఏదో అందులో రాయలేదు. మూడోదానికి ఏమీ రాలేదు. మీకు పనులు ఎక్కువని తెలుసు. అయినా కోపం లేదంటే అబద్ధమే అవుతుంది. ఆ కోపాన్ని పక్కన పెట్టి, విషయం మాత్రం నలుగురి ముందు పెడుతున్నాను.

నేను డాక్టరును కాను. లెక్కలు రాసుకుని బతికే మనిషిని. అందుకే ఈ ఉత్తరంలో అంకెలు కాస్త ఎక్కువగానే ఉంటాయి.

నా స్నేహితురాలు కాలేజీలో ఫిజిక్స్ చెప్పేది. మూడంతస్తులు మెట్లెక్కి వెళ్లి, అదే ఊపుతో పాఠం మొదలుపెట్టే మనిషి. నాలుగేళ్ల కిందట అందరికీ వచ్చినట్టే ఆమెకూ ఒక జ్వరం వచ్చింది. వారంలో తగ్గింది. పోయిన సత్తువ మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఆమె స్నానం కుర్చీలో కూర్చుని చేస్తుంది. తలస్నానం చేయాలంటే రెండు రోజుల ముందు నుంచీ ఓపిక దాచుకోవాలి. తలస్నానం చేసిన రోజు ఫోను మాట్లాడదు, మాట్లాడలేదు. లేచి నిలబడితే గుండె దడదడ కొట్టుకుంటుంది, కళ్ళు బైర్లు కమ్ముతాయి. పది గంటలు పడుకుని లేచినా రాత్రంతా మూటలు మోసినట్టే ఉంటుంది. నోటి చివర ఉండాల్సిన మాట దొరకదు. ఒకప్పుడు సమీకరణాలు బోర్డు మీద గుక్క తిప్పుకోకుండా రాసిన మనిషి, ఇప్పుడు నాలుగు వరుసల మెసేజ్ చదవడానికి మధ్యలో కళ్ళు మూసుకుని ఆగుతుంది.

ఈ ఉత్తరం ఆమె ఎందుకు రాయలేదని మీరు అడగవచ్చు. దీని చిత్తుప్రతి చదవడానికే ఆమెకు పదకొండు రోజులు పట్టింది, రోజుకు ఐదు నిమిషాల చొప్పున. రెండు చోట్ల 'పాపం' అని రాశాను. "ఏమే, నన్ను పాపం చెయ్యకు, లెక్క చెప్పు" అని రెండూ కొట్టేయించింది.

ఈ జబ్బు ఉన్నవాళ్లు మీ కార్యాలయం ముందు ధర్నాకు కూర్చోలేరు. కూర్చుంటే ఆ తర్వాత వారాల తరబడి లేవలేరు. వాళ్లు రాకపోవడాన్ని మీరు 'డిమాండు లేదు' అని రాసుకుంటున్నారు. కాస్త ఓపిక ఉన్న మాలాంటి స్నేహితులు, అమ్మానాన్నలు, అక్కచెల్లెళ్లు వాళ్ల బదులు రాయాల్సి రావడానికి కారణం ఇదే.

ఆ జబ్బు పూర్తి పేరు మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్. రెండో పేరు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్. రెండూ కలిపి ఎం.ఇ./సి.ఎఫ్.ఎస్. అంటారు. రెండో పేరు చేసిన చెడు ఇంతా అంతా కాదు. 'ఫెటీగ్' అనగానే ఎదుటివాళ్లు "అలసటా? నాకూ ఉంటుంది, ఎవరికి లేదు?" అంటారు. ఆ మాట నేనూ ఒకసారి అన్నాను. మొదటి ఏడాది అది. ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది.

అలసట అనేది పడుకుని లేస్తే పోయేది. ఇది వేరు. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్, తొమ్మిది వేలకు పైగా పరిశోధన వ్యాసాలు జల్లెడ పట్టి, ఇది శరీరంలోని అనేక వ్యవస్థలను దెబ్బతీసే తీవ్రమైన జబ్బు అని తేల్చి చెప్పింది. ఆ కమిటీ ప్రకారం ఆరు నెలలకు పైగా ఉండే, విశ్రాంతితో తగ్గని నిస్సత్తువ ఉండాలి, మునుపటిలా పనులు చేసుకోలేని స్థితి ఉండాలి. ఎంత నిద్రపోయినా తేరుకోకపోవడం ఉండాలి. శ్రమ చేశాక ఒళ్ళు దిగజారిపోవడం ఉండాలి. వీటికి తోడు బుర్ర మొద్దుబారడమో, నిలబడితే తట్టుకోలేకపోవడమో ఉండాలి.

ఇందులో అసలు గుర్తు శ్రమ తర్వాతి దిగజారుడు. డాక్టర్లు పోస్ట్ ఎగ్జర్షనల్ మలైజ్ అంటారు, రోగులు ఒక్క ముక్కలో క్రాష్ అంటారు. అది వెంటనే రాదు. ఈరోజు చేసిన పనికి బిల్లు రేపో ఎల్లుండో వస్తుంది, వడ్డీతో సహా. ఆ పని కొండలెక్కడమే కానక్కర్లేదు. అరగంట మాటలు, ఒక ఫారం నింపడం, కాస్త ఎక్కువ వెలుతురు చాలు. మా స్నేహితురాలిని డాక్టరు చూసేది ఆమె లేచి రాగలిగిన రోజున. ఆ తర్వాత పది రోజులు ఆమె ఎలా ఉంటుందో చూసిన డాక్టరు ఒక్కరూ లేరు.

"కదలక కండ బలం పోయింది, అంతే" అన్న డాక్టరు గారికి ఒక మాట. వరసగా రెండు రోజులు సైకిలు తొక్కించి, ఆక్సిజన్ వాడకాన్ని కొలిచే పరీక్ష ఒకటి ఉంది. వ్యాయామం అలవాటు లేని ఆరోగ్యవంతులు రెండో రోజు కూడా దాదాపు మొదటి రోజులాగే చేస్తారు. ఈ రోగుల్లో రెండో రోజు కొలతలు పడిపోవడాన్ని చాలా అధ్యయనాలు చూపించాయి. ఒక్క రోజే పరీక్షిస్తే ఆ తేడా చాలావరకు కనపడదు. 2024లో నెదర్లాండ్స్ పరిశోధకులు, కోవిడ్ తర్వాత ఇలాంటి దిగజారుడే ఉన్న 25 మంది కండరాల ముక్కలు శ్రమకు ముందు, తర్వాత తీసి చూశారు. కండరంలో శక్తి తయారీ తగ్గడం, శ్రమ తర్వాత కణజాలం దెబ్బతినడం కనపడ్డాయి. పక్కన పోల్చడానికి 21 మంది ఆరోగ్యవంతులను పెట్టారు.

మరి ఇన్నేళ్లూ ఎవరూ ఎందుకు వెతకలేదు? కొత్త జబ్బా అంటే కాదు. 1934లో లాస్ ఏంజెలస్‌లోని ఒక ఆసుపత్రి సిబ్బందికి మూకుమ్మడిగా వచ్చింది. 1948లో ఐస్‌లాండ్‌లోని అకురేరి పట్టణంలో వచ్చింది. 1955లో లండన్ రాయల్ ఫ్రీ ఆసుపత్రిలో దాదాపు 300 మంది సిబ్బంది పడిపోతే ఆసుపత్రినే మూసేయాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే దానికి మయాల్జిక్ ఎన్సెఫలోమైలైటిస్ అన్న పేరు పెట్టారు. 1969లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని నాడీవ్యవస్థ జబ్బుల జాబితాలో చేర్చింది. ఆ మరుసటి ఏడాది, 1970లో, ఇద్దరు మానసిక వైద్యులు పాత కేసు కాగితాలు తిరగేసి ఇది మూకుమ్మడి హిస్టీరియా అని రాశారు. రోగులను పిలిచి మాట్లాడలేదు, పరీక్షించలేదు. జబ్బుపడినవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువగా ఉండటం వాళ్ల వాదనలో ఒక సాక్ష్యం! 1988లో అమెరికాలో క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని పేరు పెట్టడంతో మిగిలిన పరువూ పోయింది.

'ఆధారాలు లేవు' అన్న మాట తరచూ వినపడుతుంది. మా లెక్కల భాషలో చెప్పాలంటే, ఇది పుస్తకం తెరవకుండానే నిల్వ సున్నా అని రాయడం. వెతికాక దొరకకపోవడం ఒకటి, వెతకకపోవడం మరొకటి. మీరు వెతకనందువల్ల మామూలు జనానికి ఏం జరుగుతోందో ఇప్పుడు వరసగా చెబుతాను.

1. జబ్బుకు పేరు దొరకదు. అమెరికాలో ఈ జబ్బు 8,36,000 నుంచి 25 లక్షల మందికి ఉండవచ్చని, వాళ్లలో 84 నుంచి 91 శాతం మందికి జబ్బు నిర్ధారణే కాలేదని పైన చెప్పిన 2015 నివేదిక అంచనా వేసింది. అంత పెద్ద వైద్య వ్యవస్థలోనే పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి తమకు ఏమైందో తెలియదు. మా స్నేహితురాలికి పేరు దొరకడానికి 22 నెలలు, ఎనిమిది మంది డాక్టర్లు పట్టారు. రక్తపరీక్ష నార్మల్, థైరాయిడ్ నార్మల్, స్కాన్ నార్మల్. "ఏమీ లేదమ్మా, టెన్షన్ తగ్గించుకోండి" అని ఐదుగురు చెప్పారు. ఒకరు ఆమెతో కాకుండా పక్కన కూర్చున్న నాతో చెప్పారు. వాళ్లంతా చెడ్డవాళ్లని నేననను. అమెరికాలో మూడో వంతు కంటే తక్కువ వైద్య కళాశాలలే ఈ జబ్బు గురించి చెబుతున్నాయని ఆ నివేదికే రాసింది. చదువులో లేని జబ్బును డాక్టరు ఎలా గుర్తుపడతారు?

2. తప్పుడు సలహా మనిషిని మంచం పట్టిస్తుంది. దీని గురించి కాస్త ఎక్కువ రాయనివ్వండి.

"రోజూ కొంచెం కొంచెం పెంచుతూ నడవండి, అదే మందు" అని ఆరో డాక్టరు చెప్పారు. మా స్నేహితురాలు ఫిజిక్స్ మనిషి కదా, నోటుపుస్తకంలో గీతలు గీసుకుని నిమిషాలు రాసుకుంటూ నడిచింది. ఐదు నిమిషాలు, ఏడు, పది. కాళ్ళు వణుకుతున్నా ఆపలేదు, ఎందుకంటే ఆపితే బద్ధకం అంటారు. 'ఒళ్ళు వంచడం లేదు' అన్న మాట అప్పటికే ఇంటాబయటా విని ఉంది. నలభయ్యో రోజు నుంచి నడవలేదు. ఆ ముందు వరకు వారానికి మూడు క్లాసులైనా చెప్పగలిగేది. ఆ తర్వాత ఒక్కటీ చెప్పలేదు. ఆ నోటుపుస్తకం నా దగ్గరే ఉంది, అడిగితే చూపిస్తాను.

ఆ సలహా ఎక్కడి నుంచి వచ్చింది? బ్రిటన్‌లో పేస్ ట్రయల్ అని 641 మంది రోగులతో, దాదాపు 50 లక్షల పౌండ్ల ప్రజల డబ్బుతో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. మెల్లమెల్లగా వ్యాయామం పెంచడం, ఆలోచనా ధోరణి మార్చే మాటల చికిత్స మేలు చేస్తాయని 2011లో ప్రకటించారు. ప్రపంచమంతా అదే పట్టుకుంది. లోపల ఏముందో చూడాలని రోగులు మూల సమాచారం అడిగితే ఇవ్వలేదు. చివరికి 2016లో ట్రిబ్యునల్ ఆదేశిస్తేగాని బయటికి రాలేదు. ఆ అధ్యయనంలో 'కోలుకోవడం' అనే మాటకు ముందు పెట్టుకున్న కొలబద్దను సడలించారు. మొదటి కొలబద్దతో లెక్క మళ్ళీ చూస్తే, కోలుకున్నారన్న ఫలితం నిలబడలేదు. 2021 అక్టోబరులో బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్, ఈ రోగులకు అలా వ్యాయామం పెంచే చికిత్స ఇవ్వవద్దని కొత్త మార్గదర్శకాలు విడుదల చేసింది. మాటల చికిత్స జబ్బును నయం చేసేది కాదని, కావాలన్నవాళ్లకు తోడ్పాటుగా మాత్రమే ఇవ్వాలని రాసింది. ఉన్న ఓపిక హద్దులో పనులు సర్దుకోవడం నేర్పాలంది.

అంటే, పదేళ్లపాటు వైద్యం పేరుతో చేసింది తప్పని ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు మా ఆరో డాక్టరు గారి టేబులు దాకా ఇంకా రాలేదు. ఆయన ఇచ్చే కరపత్రంలో ఇప్పటికీ పాత సలహాయే ఉంది.

3. పిల్లల చదువులు పోతాయి. గ్రంథుల జ్వరం అనే మోనోన్యూక్లియోసిస్ వచ్చిన 301 మంది కౌమార వయసు పిల్లలను అమెరికాలో గమనిస్తే, ఆరు నెలల తర్వాత 13 శాతం మంది ఈ జబ్బుతో ఉన్నారు, రెండేళ్ల తర్వాత 4 శాతం. 2006లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం మూడు వేర్వేరు ఇన్ఫెక్షన్ల తర్వాత 253 మందిని గమనించింది. ఆరు నెలలకు 11 శాతం మంది ఇదే స్థితిలో ఉన్నారు. ఎవరు కోలుకోలేదన్నది వాళ్ల మనస్తత్వాన్ని బట్టి తేలలేదు, మొదటి జ్వరం ఎంత తీవ్రంగా వచ్చిందన్నదాన్ని బట్టి తేలింది. 'బడి ఎగ్గొట్టే నాటకం' అని పిల్లలను తిట్టే ముందు ఈ అంకె చూడండి.

4. ఒకరి జబ్బు ఇద్దరి సంపాదన తినేస్తుంది. ఆమె ఉద్యోగం పోయింది. ఆమెను చూసుకోవడానికి వాళ్ల అక్క తన ఉద్యోగం వదులుకుంది. వైకల్య పెన్షన్‌కు పెట్టిన దరఖాస్తు 'వైద్యపరమైన రుజువు లేదు' అని తిరిగొచ్చింది. రుజువు చేసే పరీక్ష లేదు, పరీక్ష కనిపెట్టే పరిశోధన లేదు, పరిశోధనకు డబ్బు లేదు. డబ్బు ఎందుకు లేదంటే రుజువు లేదు. ఈ గుండ్రటి వాదనలో ఎక్కడ పట్టుకుని తెంచాలో మీరే చెప్పండి. అమెరికాలో వైద్య ఖర్చు, పోయిన ఆదాయం కలిపి ఈ జబ్బు ఏటా 1,700 నుంచి 2,400 కోట్ల డాలర్లు మింగుతోందని అంచనా.

5. మరీ తీవ్రంగా ఉన్నవాళ్లు లెక్కలోనే లేరు. రోగుల్లో కనీసం నాలుగో వంతు మంది ఏదో ఒక దశలో ఇంటికో మంచానికో పరిమితమవుతారు. చీకటి గదిలో, చెవులు మూసుకుని, మింగలేక గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవాళ్లున్నారు. ఇంగ్లండ్‌లో 27 ఏళ్ల అమ్మాయి ఒకరు ఈ జబ్బుతో 2021లో చనిపోయింది. విచారణ జరిపిన కరోనర్ (మరణాలకు కారణం తేల్చే అధికారి), ఇలాంటి మరణాలు మళ్ళీ జరగకుండా చూడమని 2024లో ప్రభుత్వానికి నివేదిక పంపారు. తీవ్రమైన రోగులకు దేశంలో ప్రత్యేక పడకలు లేవని, డాక్టర్లకు శిక్షణ లేదని, పరిశోధనకు నిధులు లేవని అందులో ఉంది.

6. ఖాళీ జాగాలో మాయగాళ్లు దుకాణాలు పెడతారు. నెలకో కొత్త పొడి, కొత్త ఇంజెక్షను. మా స్నేహితురాలు చదువుకున్న మనిషి, అయినా రెండుసార్లు మోసపోయింది. దీని మీద ఇంకేమీ రాయను, ఆమెకు ఇష్టం లేదు.

ఇక పరిశోధన సంగతి. పరిశోధన అంటే ప్రతిసారీ శుభవార్తే రావాలని మేం అడగడం లేదు. 2009లో ఒక కొత్త వైరస్ ఈ జబ్బుకు కారణమని పెద్ద పత్రికలో వచ్చింది. కొందరు రోగులు ఆశతో హెచ్‌ఐవీ మందులు కూడా వేసుకున్నారు. అది ప్రయోగశాలలో జరిగిన కల్తీ అని తేలి, 2011లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. నార్వేలో 30 మందితో చేసిన చిన్న అధ్యయనంలో రిటుక్సిమాబ్ అనే మందు బాగా పనిచేసినట్టు కనపడింది. 151 మందితో సరైన పద్ధతిలో చేస్తే పని చేయలేదని 2019లో ప్రకటించారు. ఆ నార్వే డాక్టర్లకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను. 'లేదు' అని తేల్చడమూ ఒక జవాబే. దానివల్ల వేలమంది వృథా ఖర్చు, దుష్ప్రభావాలు తప్పించుకున్నారు.

ఇప్పుడు దారి కొంచెం కనపడుతోంది. బ్రిటన్‌లో డీకోడ్ ఎంఇ అనే జన్యు అధ్యయనం, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులూ రోగుల సంస్థా కలిసి మొదలుపెట్టినది, 32 లక్షల పౌండ్లతో నడిచింది. రోగులు ఆసుపత్రికి రానక్కర్లేదు. ఇంటికి వచ్చిన చిన్న గొట్టంలో ఉమ్మి పోస్టులో పంపితే చాలు. మంచం దిగలేనివాళ్లు కూడా పాల్గొన్నారు. 15,579 మంది రోగుల డీఎన్ఏను రెండున్నర లక్షలకు పైగా ఇతరులతో పోల్చి, జన్యువుల్లో ఎనిమిది చోట్ల తేడా ఉందని 2025 ఆగస్టులో తొలి ఫలితాలు బయటపెట్టారు. కొన్ని రోగనిరోధక శక్తికి, కొన్ని నాడీవ్యవస్థకు సంబంధించినవి. ఆ వార్త చదివి వినిపించిన రోజు మా స్నేహితురాలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే టెన్షన్ కాదన్నమాట" అంది.

దీని పక్కన ఇంకో లెక్క పెట్టండి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఇటీవలి సంవత్సరాల్లో ఈ జబ్బుపై ఏటా సుమారు ఒకటిన్నర కోటి డాలర్లు ఖర్చు చేస్తూ వచ్చింది. పైన చెప్పిన రోగుల సంఖ్యతో భాగిస్తే తలకు 6 నుంచి 18 డాలర్లు. ఇది నేనే వేసిన లెక్క, రెండుసార్లు సరిచూసుకున్నాను. జబ్బు తెచ్చే భారానికి తగినట్టు ఇవ్వాలంటే అక్కడి నిధులు సుమారు 14 రెట్లు పెరగాలని 2020లో వచ్చిన ఒక విశ్లేషణ చెప్పింది. అదే సంస్థ 2016లో మొదలుపెట్టిన లోతైన అధ్యయనం 2024లో బయటికొచ్చింది. అందులో ఉన్న రోగులు 17 మంది. ఎనిమిదేళ్లు, 17 మంది! పరిశోధకుల శ్రమను తక్కువ చేయడం లేదు. అంత చిన్న సంఖ్యతో గట్టిగా ఏం చెప్పగలరని మాత్రం అడుగుతున్నాను. కోవిడ్ తర్వాత కోలుకోనివాళ్లలో చాలామంది ఇదే జబ్బు లక్షణాలతో ఉన్నారు కాబట్టి ఇది ఇంకెంతమాత్రం కొద్దిమంది సంగతి కాదు.

మా కోరికలు ఇవి. ఇవన్నీ మీ చేతుల్లో ఉన్నవే.

1. ఈ జబ్బు పేరుతో విడిగా, కనీసం పదేళ్లకు, నిధి కేటాయించండి. ఒక ఏడాది ఇచ్చి మరుసటి ఏడాది ఆపేస్తే ఏ యువ పరిశోధకుడూ ఈ దారికి రాడు. 'అర్హమైన దరఖాస్తులు రావడం లేదు' అంటారు మీరు. నీళ్లు లేని చెరువుకు కొంగలు రావడం లేదని ఫిర్యాదు చేసినట్టుంది అది.

2. నిధులు తీసుకునే ప్రతి అధ్యయనంలోనూ, శ్రమ తర్వాతి దిగజారుడు ఉన్నవాళ్లనే రోగులుగా తీసుకోవాలన్న షరతు పెట్టండి. ఈ జబ్బుకు 1994లో పెట్టిన నిర్వచనంలో అది తప్పనిసరి కాదు. దానివల్ల రకరకాల నీరసాలన్నీ ఒకే గంపలో పడి, ఫలితాలు ఎటూ తేలలేదు.

3. లేవలేని రోగుల ఇంటికే వెళ్లి రక్తం తీసుకునే ఏర్పాటు చేయండి. బ్రిటన్‌లో ఈ జబ్బు కోసం 2011 నుంచి ఉన్న బయోబ్యాంకు (పరిశోధన కోసం రక్తం వంటి నమూనాలు దాచే చోటు) తీవ్రమైన రోగుల ఇళ్లకు వెళ్లి నమూనాలు తీసుకుంది. నడిచి రాగలిగినవాళ్లనే పరీక్షిస్తే జబ్బులో సగమే తెలుస్తుంది.

4. సేకరించిన సమాచారం, రోగుల వివరాలు బయటపడకుండా, మిగతా పరిశోధకులకు అందుబాటులో ఉండాలి. ట్రిబ్యునల్ దాకా వెళ్లే ఓపిక మళ్ళీ ఎవరికీ లేదు.

5. వైద్య విద్యార్థులకు ఈ జబ్బు గురించి కనీసం ఒక్క పూట పాఠం, పరీక్షలో ఒక్క ప్రశ్న పెట్టండి. ప్రశ్న వస్తుందంటేనే చదువుతారు, ఆ సంగతి మా స్నేహితురాలు టీచరుగా చెప్పమంది.

6. వ్యాయామం పెంచమని చెప్పే పాత కరపత్రాలు, వెబ్ పేజీలు వెంటనే వెనక్కి తీసుకోండి. దీనికి నిధులు అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు. ఈ ఉత్తరంలో ఇంకేదీ చేయకపోయినా ఇది చేయండి.

7. నిధులు నిర్ణయించే కమిటీలో రోగులకు చోటివ్వండి. వాళ్లు మంచం మీద నుంచే, రాతపూర్వకంగా, తమకు వీలైన రోజున అభిప్రాయం చెప్పేలా ఉండాలి. మూడు గంటల సమావేశానికి రమ్మంటే ఆహ్వానం పంపనట్టే.

8. అరవై రోజుల్లోగా జవాబు ఇవ్వండి. కుదరదంటే ఏది కుదరదో, ఎందుకు కుదరదో రాయండి.

ఇది చదువుతున్న మిగతావాళ్లకు ఒక మాట. ఇలాంటి మనిషి మీ ఇంట్లోనో స్నేహితుల్లోనో ఉంటే సలహాలు ఆపి, వాళ్ల బదులు ఒక ఫారం నింపండి, ఒక ఉత్తరం రాయండి. పరిశోధనలకు రోగుల రక్తం ఎంత అవసరమో, పోల్చి చూడటానికి అదే వయసున్న ఆరోగ్యవంతుల రక్తమూ అంతే అవసరం. అలాంటి అధ్యయనం మీకు అందుబాటులో జరుగుతుంటే పేరు ఇవ్వండి. అధికారులకు నేనూ ఇక్కడే మాట ఇస్తున్నాను. ఆమెదీ నాదీ ఒకే వయసు. ఒకే ఏడాది ఒకే జ్వరం ఇద్దరికీ వచ్చింది. నేను పదో రోజు పనికి వెళ్లాను, ఆమె వెళ్లలేదు. ఆ తేడా ఎక్కడుందో వెతకడానికి నా రక్తం ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తీసుకోండి.

చివరగా ఒక విన్నపం. జవాబు రాసేటప్పుడు పెద్ద అక్షరాలతో, చిన్న వాక్యాలతో, ఒక్క పేజీ దాటకుండా రాయండి. నేను చదివి వినిపిస్తానన్నా ఆమె ఒప్పుకోవడం లేదు, తనే చదువుకుంటానంటోంది.

ఇట్లు,
ఆమె స్నేహితురాలు